గేటు ఎత్తి ఉన్నా దిగాలి

ములకలపల్లి సెంటర్‌లో ఇరవై ఆరేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. స్కూలంటే పెద్ద బిల్డింగేమీ కాదు. ఒక రేకుల గది, ఒక బల్ల, నా కాళ్ల దగ్గర కూడా బ్రేకు బిగించిన పాత మారుతి కారు, గోడకు ట్రాఫిక్ గుర్తుల బోర్డు. ఆ గుర్తుల్లో సగం ఈ మండలంలో ఎక్కడా కనబడవు. నా పేరు మురళీకృష్ణ. మా నాన్న పొగాకు వేయడానికి కృష్ణా జిల్లా నుంచి చండ్రుగొండ వచ్చాడు. నాకు పొలం అబ్బలేదు, స్టీరింగ్ అబ్బింది. కోపిష్ఠి అని ఊళ్లో పేరు. బ్రేకు తొక్కమంటే యాక్సిలరేటర్ తొక్కేవాళ్ల పక్కన రోజుకు ఆరు గంటలు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది కోపం.

ఇన్నేళ్లలో నేను తిట్టకుండా పంపిన శిష్యుడు ఒక్కడే. పాయం పోతయ్య. కోయవాడు, అడవిలోకి ఎనిమిది కిలోమీటర్లు పోతే వస్తుంది వాళ్ల గూడెం. ఇరవై రెండేళ్లప్పుడు వచ్చాడు. అంతకుముందు ఎడ్లబండి తప్ప ఏదీ తోలలేదు. చెప్పింది ఒకసారి వినేవాడు, రెండోసారి చెప్పనిచ్చేవాడు కాదు. పదకొండు రోజుల్లో నేర్చుకున్నాడు. గేరు మార్చితే పక్కనున్న నాకు తెలిసేది కాదు. మాట మాత్రం తక్కువ. ఇంట్లో కోయభాష, బయట తెలుగు, రెండింట్లోనూ పొదుపే.

లైసెన్సు వచ్చాక ఒక పాత కమాండర్ జీపు కొనుక్కున్నాడు. సంతనాడు పద్నాలుగు మందిని, మేకలను, ఇప్పపువ్వు మూటలను ఎక్కించుకుని వచ్చేవాడు. తునికాకు రోజుల్లో కూలీలను తిప్పేవాడు. పెళ్లివాళ్లు, దవాఖానాకు పోయేవాళ్లు, ఎవరు పిలిచినా వెళ్లేవాడు. నా స్కూలు ముందునుంచి పోయినప్పుడల్లా ఒకసారి హారన్ కొట్టేవాడు. అది నమస్కారమని నాకు తెలుసు.

నా పాఠాల్లో మొదటిది క్లచ్ కాదు, గేరు కాదు. గేటు. ఈ అడవి దారిలో చెక్‌పోస్టు ఉంది. నేను స్కూలు పెట్టిన రోజుల్లో దాన్ని దాటడమంటే గుండె చిక్కబట్టుకోవడమే. గేటు దగ్గర పోలీసులు ఆపేవాళ్లు, నాలుగు మలుపులు పోయాక చెట్లలోంచి అన్నలు ఆపేవాళ్లు. బండిలో ఎవరున్నారన్నదే ఇద్దరి అనుమానమూ. నా మిత్రుడు చందూలాల్ ఒకసారి గేటు ఎత్తి ఉంది కదా అని ఆగకుండా పోయాడు. వెనక్కి పిలిపించి మూడు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టారు. వచ్చాక వాడు మళ్లీ బండి ముట్టుకోలేదు, కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. అప్పటినుంచి నా స్కూల్లో అదొక మంత్రమైపోయింది: గేటు కనబడితే బండి ఆపు, ఇంజన్ బందు చెయ్, దిగు, రిజిస్టర్లో పేరు, లైసెన్సు నంబరు రాయి. గేటు ఎత్తి ఉన్నా దిగాలి. చెయ్యి ఊపి పొమ్మన్నా దిగాలి. దిగినవాడికి ఏమీ కాదు. దీన్ని శిష్యులందరి చేతా పైకి అనిపించేవాణ్ణి. నా శిష్యులను గేటు దగ్గర ఎవరూ ఏమీ అనలేదని బజార్లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా.

రెండువేల పంతొమ్మిది వానాకాలంలో పోతయ్య భార్య ముత్తక్క చనిపోయింది. మొదటి కాన్పు. నొప్పులు మొదలయ్యేసరికి వాగు పొంగి అంబులెన్సు గూడెం దాకా రాలేకపోయింది. పోతయ్యే జీపులో పైదారి పట్టుకుని భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. దారిలో జీపు మొరాయించిందని, లేటయిందని, తల్లీ బిడ్డా దక్కలేదని అన్నారు. నేను గూడేనికి వెళ్లాను. పోతయ్య ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. నన్ను చూసి లేచి, మంచం వాల్చి, నీళ్లు తెచ్చిచ్చాడు. వానకు దారి బాగుందా సార్ అని అడిగాడు. బాగుందన్నాను.

ఆ తర్వాత కూడా జీపు తోలాడు. సంతకు వచ్చాడు, పోయాడు. హారన్ కొట్టడం మాత్రం మానేశాడు. బాగున్నావా అంటే బాగున్న అనేవాడు, తిన్నావా అంటే తిన్న అనేవాడు. వాళ్ల అక్క రామక్క నా దగ్గరికి వచ్చి బాధపడింది: తమ్ముడు ఏది పెడితే అది తింటాడు, పెట్టకపోతే అడగడు, కూరలో ఉప్పు మరిచిపోయినా చెప్పడు. మళ్లీ పెళ్లి చేద్దామంటే మీ ఇష్టమంటాడు, తీరా పిల్లను చూడబోయే రోజు కనబడడు. అలా నాలుగేళ్లు గడిచాయి.

ఒకరోజు స్కూలుకు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. పాల్వంచ అతనెవరో ఒమన్‌లో ఉన్నాడట, ఖర్జూరం తోటల యజమాని ఇంట్లో డ్రైవరు కావాలన్నాడట. పోతయ్య పోతానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇక్కడ సొంత బండి పెట్టుకుని ఎడారికి పోయి ఇంకొకరి కారు తుడుస్తావా అని కేకలేశాను. పదిహేనేళ్లలో మొదటిసారి వాణ్ణి తిట్టాను. వాడు నేను ఆగేదాకా ఆగాడు.

"ఈ తొవ్వల ఇగ బండి తోల్లేను సార్," అన్నాడు. "బండి తోలుడు తప్ప నాకు ఇంకో పని రాదు. ఏడికైనా పోత."

జీపు అమ్మేశాడు. వెళ్లాడు.

వెళ్లిన వారానికే ఫోన్ చేశాడు. అక్కడ తోలాలంటే ఆ దేశపు లైసెన్సు కావాలి. మన లైసెన్సును అరబ్బీలోకి తర్జుమా చేయించి, అది నిజమైనదేనని ఇక్కడి ఆఫీసు నుంచి కాగితం తెప్పించి పెడితే, మొదటి నుంచి నేర్చుకోనక్కరలేదు, నేరుగా రోడ్డు మీద పరీక్ష పెడతామన్నారట. ఆ కాగితం పని నామీద పడింది. లైసెన్సు ఇచ్చినప్పుడు మనది ఖమ్మం జిల్లా, ఇప్పుడు కొత్తగూడెం. అప్పటి రాష్ట్రం వేరు, ఇప్పటి రాష్ట్రం వేరు. లైసెన్సులో పాయం పోతయ్య అని ఉంటే పాస్‌పోర్టులో పోతయ్య పాయం అని ఉంది. ఇద్దరూ ఒకడేనని అఫిడవిట్ రాయించాను. రెండు ఆఫీసులకూ తొమ్మిది రోజులు తిరిగాను. పోతయ్యను లైసెన్సు నంబరు చెప్పమంటే కార్డు చూడకుండా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మధ్యలో ఉన్న సున్నాలతో సహా. ఎలా గుర్తుందిరా అంటే, రోజూ గేటు కాడ రాసిందే గద సార్ అన్నాడు.

యజమాని మంచివాడేనట. ఇద్దరు ఆడపిల్లలను బడికి తీసుకుపోవాలి, తీసుకురావాలి. మూడుసార్లు చూస్తాను, మూడోసారి కూడా పరీక్ష పాసవకపోతే నిన్ను తిప్పి పంపడం తప్ప నాకు వేరే దారి లేదని ముందే చెప్పాడు. తిప్పి పంపితే పోతయ్య వచ్చేది ఎక్కడికి? ఈ దారికే. అది నాకూ తెలుసు, వాడికీ తెలుసు. అయినా నాకు గాభరా ఏమీ లేదు. పోతయ్య పరీక్ష తప్పడమేంటి? అక్కడ స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, రోడ్డుకు కుడివైపు తోలాలి. దానికి నాలుగు రోజుల్లో అలవాటు పడిపోయాడు.

మొదటి పరీక్ష తప్పాడు.

ఫోన్‌లో వాడి గొంతులో ఏ తేడా లేదు. నాకే తల కొట్టేసినట్టయింది. ఎక్కడ తప్పావు, పార్కింగా, సర్కిలా అని గుచ్చిగుచ్చి అడిగాను. అవేమీ కాదట. పోలీసాయన పక్కన కూర్చుని పద అన్నాడట. పరీక్ష మైదానంలోంచి రోడ్డు మీదికి వెళ్లేచోట అడ్డంగా పెట్టే గేటు ఉంది. అది ఎత్తే ఉంది. పోతయ్య బండి ఆపాడు, ఇంజన్ బందు చేశాడు, బెల్టు తీశాడు, దిగాడు. దిగి, చేతిలో తర్జుమా కాగితం పట్టుకుని కాపలావాడి గది కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కారులో పోలీసాయన, గదిలో కాపలావాడు, ఇద్దరూ వీణ్ణే చూస్తున్నారట.

"నిన్ను దిగమని ఎవడు చెప్పాడురా?" అన్నాను.

"మీరే చెప్పిండ్రు గద సార్."

నేను నవ్వాను. చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది కానీ, కడుపు పట్టుకుని నవ్వాను. ఆ సాయంత్రం చందూలాల్ కొట్టు దగ్గర నలుగురికీ చెప్పి మళ్లీ నవ్వాను. మన పాఠం సముద్రం దాటిందన్నాను.

రెండో పరీక్షకు ముందు, గేటు దగ్గర దిగొద్దు అని పదిసార్లు చెప్పాను. సరే సార్ అన్నాడు. గేటు దాటాడు కూడా. రోడ్డు మీద ఒక మలుపులో పోలీసు కారు ఆగి ఉంది. పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన ఆపమనలేదు, వీడివైపు చూడను కూడా లేదు. పోతయ్య బండి పక్కకు తీశాడు, బందు చేశాడు, దిగాడు. చేతులు కనబడేలా పక్కకు పెట్టుకుని నిలబడ్డాడు. పరీక్ష పెట్టే ఆయన ఈసారి కోప్పడలేదట, నీళ్ల సీసా ఇచ్చాడట. కాగితం మీద మాత్రం ఫెయిల్ అనే రాశాడు.

ఈసారి నాకు నవ్వు రాలేదు. మిగిలింది ఒక్క పరీక్ష, మూడు వారాలు. కావాలని చేస్తున్నావా అని అడిగాను. కాదన్నాడు. దిగినంక తెలుస్తున్నది సార్, దిగిపోయిన అని. దిగేదాకా తెలుస్తలేదు. అలా అన్నాడు. మళ్లీ అదే గొంతు. కోప్పడదామంటే అవతల కోపం తగిలే మనిషి లేడు.

సరే, నేర్పిందాన్ని నేనే మరిపిస్తానన్నాను. రోజూ పొద్దున్నే వీడియో కాల్. వాడు తన గదిలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, చేతుల్లో పళ్లెం పట్టుకుని కూర్చునేవాడు, అదే స్టీరింగ్. నేనిక్కడ నా బల్ల దగ్గర కూర్చుని, లెఫ్ట్, రైట్, సిగ్నల్ అంటూ పోయి, ఉన్నట్టుండి "గేటు" అనేవాణ్ణి. వాడు లేచి నిలబడేవాడు. కుర్చీలోంచి. కూర్చో అంటే కూర్చునేవాడు. మళ్లీ మొదలు. మళ్లీ గేటు. మళ్లీ లేచేవాడు. ఐదో రోజున తువ్వాలుతో నడుము కుర్చీకి కట్టుకోమన్నాను. గేటు అంటే కుర్చీతో సహా లేచాడు. నేను అరిచేశాను. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి, ఈయన ఫోన్‌తో పోట్లాడుతున్నాడేంటని చూశారు. పద్దెనిమిదో రోజుకు కూర్చుని ఉండగలిగాడు.

మూడో పరీక్ష రోజు నేను పాఠాలు పెట్టుకోలేదు. మధ్యాహ్నం దాటాక వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. అరబ్బీ అక్షరాల కార్డు, మూలన పోతయ్య బొమ్మ. కింద ఒక్క మాట లేదు. ఉండబట్టలేక నేనే ఫోన్ చేశాను. శభాష్ అన్నాను, ఇంకేదో అన్నాను. గేటు దగ్గర ఎలా ఉందిరా అని అడిగాను.

"గేటు ఎత్తే ఉంది సార్. కూసున్న. దిగలే. బండి పోయింది. అంతే సార్. కూసుంటే పోతది బండి."

అవునురా, అంతే కదా అన్నాను.

"ముత్తక్కను తీస్కపోయిన్నాడు గూడ గేటు ఎత్తే ఉండె సార్."

నాకు వెంటనే అర్థం కాలేదు. వాడు చెప్పుకుపోయాడు. పాఠం ఒప్పజెప్పినట్టు, ఎక్కడా ఆగకుండా. ఆ మధ్యాహ్నం వాన పడుతోంది. జీపులో ముత్తక్క, పక్కన మంత్రసాని భీమక్క. గేటు దగ్గరి కానిస్టేబులు దూరం నుంచే జీపును చూసి గేటు ఎత్తాడు. లోపల్నుంచి చెయ్యి ఊపుతూ పో పో అన్నాడు. పోతయ్య బండి ఆపాడు. ఇంజన్ బందు చేశాడు. దిగాడు. వానలో కిటికీ దగ్గరికి పోయి రిజిస్టర్లో పేరు రాశాడు, లైసెన్సు నంబరు రాశాడు. నిన్ను దిగమని ఎవరన్నారయ్యా, ముందు పో అని కానిస్టేబులు కసిరాడు. తిరిగివచ్చి తాళం తిప్పితే జీపు లేవలేదు. బ్యాటరీ రెండు నెలల నుంచి పోయి ఉంది. ఎప్పుడూ ఏటవాలు చూసి ఆపేవాడు, దొర్లించి స్టార్టు చేసేవాడు. గేటు దగ్గర నేల చదును, మిగతా రోజుల్లో ఎక్కినవాళ్లు దిగి నెట్టేవాళ్లు. కానిస్టేబులూ తానూ, ఆఖరుకు భీమక్క కూడా దిగి నెట్టారు. బురదలో చక్రం కదల్లేదు. ముప్పావు గంటకు ఒక ట్రాక్టరు వచ్చి లాగింది. గోదావరి వంతెన ఎక్కకముందే అయిపోయింది. దవాఖానాలో డాక్టరమ్మ నాడి చూసి, ఒక్క అరగంట ముందు తెస్తే బాగుండేది అన్నదట.

"ఇది ఎవరికన్నా చెప్పావా?" అన్నాను.

లేదన్నాడు. భీమక్కకు గేటు సంగతి ఎక్కలేదు, జీపు పాడైందనే అనుకుంది. బండిలోంచి ఎత్తిన గేటును చూసింది ముత్తక్క ఒక్కతే.

"నేను దిగంగనే లేసి సూసింది సార్. 'గేటు ఎత్తే ఉంది గద, ఎందుకు దిగినవ్' అన్నది. మల్ల ఏం అనలే."

ఫోన్‌లో ఏవో బండ్ల చప్పుళ్లు వినబడుతున్నాయి. నేను వాడి మాట కోసం ఎదురుచూస్తున్నాను. మొదటి పరీక్ష తప్పిన రోజు అన్నాడే, మీరే చెప్పిండ్రు గద సార్ అని, ఆ మాట ఇప్పుడు అంటాడని. అంటే నేను పడదామనే ఉన్నాను. వాడు అనలేదు. పిల్లల బడి ఇడిసే టైమయింది సార్, పోవాలె అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ రోజంతా నేను ఏం చేశానో నాకు సరిగా గుర్తులేదు. అన్నం తిన్నట్టున్నాను. కూరలో ఉప్పు ఉందో లేదో చెప్పలేను.

మర్నాడు పొద్దున శ్యామల అనే అమ్మాయి పాఠానికి వచ్చింది. డిగ్రీ అయింది, బడి పిల్లల వ్యాను తోలే పని చూసుకుంది, అందుకని నేర్చుకుంటోంది. అడవి దారిలో తీసుకుపోయాను. నా ధ్యాస బండిలో లేదు. గేటు వచ్చింది. ఇప్పుడా గేటు ఏడాది పొడుగునా ఎత్తే ఉంటుంది. రేకుల గదిలో కుర్చీ ఉంటుంది, చాలాసార్లు మనిషి ఉండడు. శ్యామల చక్కగా బండి ఆపింది. తాళం తిప్పి బందు చేసింది. నేను నోరు తెరిచేలోపే బెల్టు తీసి దిగింది. చున్నీ సర్దుకుని గది కిటికీ దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసింది. నిలబడింది. మొదటి పాఠం ఎంత బాగా నేర్చుకుందో నేను మెచ్చుకోవాలని కాబోలు, నావైపు తిరిగి చూసింది. తిరిగివచ్చి తలుపు దగ్గర నిలబడి, "ఎవ్వరు లేరు సార్, గేటు ఎత్తే ఉంది," అంది.

ఎక్కమని చేత్తో సైగ చేశాను. కొంత దూరం పోయాక, ఎత్తి ఉంటే దిగొద్దమ్మా, కూర్చునే పో అన్నాను. మొన్న దిగమన్నారు కదా సార్ అంది. మొన్న తప్పు చెప్పాను అన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆ మాట నేను ఏ శిష్యుడితోనూ అనలేదు.

పాఠం అయ్యాక గది తలుపు దగ్గరికి వేసి, శిష్యుల పేర్లూ ఫోన్ నంబర్లూ రాసుకున్న పుస్తకం తీశాను. పాతవి ల్యాండ్‌లైన్లు, పోయిన నంబర్లు. మొదటి పేజీలో ఒక్కడే ఎత్తాడు, వాడు డ్రైవింగ్ మానేసి పదేళ్లయింది. రెండో పేజీలో సతీష్ అని ఒకడు దొరికాడు. ఇప్పుడు పేషెంట్ల బండి తోలుతున్నాడు, మణుగూరు వైపు. నా గొంతు గుర్తుపట్టి భయపడ్డాడు, ఏమైంది సార్ అన్నాడు. ఏమీ కాలేదు, గేటు ఎత్తి ఉంటే దిగకు, ఇంజన్ బందు చేయకు, కూర్చునే పో, అది చెబుదామని చేశానన్నాను.

"గింత ముచ్చటకు ఫోన్ చేసిండ్రా సార్?"

"అవును నాయనా," అన్నాను. "గింత ముచ్చటకే."